పెట్రోలు వాసన వేసే పట్టుచీర

మొన్న పెనుకొండ దాటుతుంటే రోడ్డు పక్కన ఓ పాతకారు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. మా అబ్బాయి మా కారు ఆపకుండా పోనిచ్చాడు గానీ, నా మనసు మాత్రం అక్కడే దిగిపోయింది. మీకూ గుర్తుండే ఉంటుంది, వేడి మీద ఒక్కసారి ఆపితే మళ్లీ కదలనని మొండికేసే ఆ కాలపు కార్ల సంగతి!

మా నాయన కారూ అలాంటిదే. అక్క పెళ్లి హిందూపురంలో అయితే, ముహూర్తం చీర ధర్మవరంలో మగ్గం మీద నుంచి దిగిందే పెళ్లిరోజు తెల్లవారుజామున. ఆ చీర కట్టకుండా పీటల మీద కూచోకూడదని మా ఇంటి ఆచారం. నాయన, నాయన తల్లి అయిన మా అవ్వ, కొత్తగా బడిలో టీచరుగా చేరిన నేను, ముగ్గురం వెళ్లి చీర తీసుకుని బయలుదేరాం. తెల్లగుడ్డలో చుట్టిన చీరను అవ్వ పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది.

పెనుకొండలో ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టందే మా నాయన ముందుకు పోడు. ఇంజను ఆపొద్దని మెకానిక్ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా, "దేవుని ముందర బండి మోగిస్తా నిలబడితే మర్యాదగా ఉంటాదా?" అని ఆపేశాడు. ఆ భక్తికి దండం పెట్టాలి! దేవుడు కరుణించాడేమో గానీ కారు కరుణించలేదు. ఎంత తిప్పినా గరగరమని మూలిగి ఊరుకుంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుందని, ఇంజను పక్కనుండే పంపు మీద తడిగుడ్డ వేస్తే దారికొస్తుందని నాయనకు తెలుసు. కానీ తడపడానికి నీళ్లేవి? డబ్బాలో తెచ్చుకున్నవి దారిలోనే రేడియేటరు తాగేసింది, గుడి ముందరి బోరింగు ఎంత కొట్టినా గాలే వచ్చింది. అక్కడ అక్క తలంటుకుని ఎదురు చూస్తుంటుందని తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

పెళ్లయ్యేదాకా అన్నం ముట్టనని ఒక్కపొద్దు ఉన్న అవ్వ, తనకోసం తెచ్చుకున్న మజ్జిగ చెంబు తీసింది. చీరకు చుట్టిన గుడ్డ విప్పి అందులో ముంచి, "జ్వరమొస్తే మనిషికి వెయ్యమా ఏమప్పా, దీనికీ వేస్తాం" అంటూ తన చేత్తోనే పంపు మీద పరిచింది. కొండ మీది కోటగోడలు ఎండలో తేలుతున్నట్టు కనిపించాయి, ఎక్కడో వేరుశనగ చేలలోంచి పిట్ట కూత వినబడింది. నాయన తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది! చుట్టుగుడ్డ లేని ఆ పట్టుచీరను ఒళ్లో పొదువుకుని అవ్వ హిందూపురం దాకా కదల్లేదు. బాజాలు మొదలవుతుండగా ఇల్లు చేరాం.

ఇప్పుడు కార్లకు వేడీ లేదు, అలకా లేదు. మీట నొక్కితే చాలు, పెనుకొండ ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. నాయన లేడు, అవ్వ లేదు. ఆ చీరలో ఇప్పటికీ పెట్రోలు, మజ్జిగ కలిసిన అవ్వ చేతి వాసన ఉందంటుంది అక్క. మొన్న వాళ్లింటికి చేరగానే పెట్టె తెరిపించి, చీరను ముఖానికి ఆనించుకుని చూశాను. కర్పూరం ఉండల వాసన తప్ప ఇంకేమీ రాలేదు. అక్క నావైపే చూస్తోంది.

"వస్తాందిక్కా," అన్నాను.