అత్తమ్మ సంతకం

అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చిందని ఈ-మెయిల్ చూసిన సాయంత్రం నేను చేసిన మొదటి పని ఒక పట్టిక గీయడం. ఎడమ వైపు ఖర్చులు: ఫీజు, గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా, పుస్తకాలు, విమానం టికెట్టు. కుడి వైపు మా దగ్గర ఉన్నవి. అక్కడ రెండే వరసలు వచ్చాయి. నాయిన తన పి.ఎఫ్.లోంచి తీయగలిగింది ఒకటి. యరమరస్ కరెంటు కేంద్రంలో కాంట్రాక్టు ఇంజనీరుగా పనిచేసి నేను మిగిల్చుకున్నది ఒకటి. రెండూ కలిపితే టికెట్టుకూ, కొన్ని నెలల అద్దెకూ సరిపోతాయి.

విదేశీ విద్యార్థికి అక్కడ ఫీజు ఎక్కువ. వాళ్ళ ప్రభుత్వం ఇచ్చే రుణాలు మనకు రావు. క్యాంపస్ బయట పనిచేయకూడదు. ప్రొఫెసర్ దగ్గర పని దొరికితే ఫీజు తగ్గుతుంది గానీ, నాకు మాత్రం అది వెళ్ళాక వెతుక్కోవాల్సిన సంగతి. లెక్కలో వేసుకోవడానికి వీల్లేదు. యూనివర్సిటీ ఐ-ట్వంటీ అనే కాగితం పంపితేనే వీసాకు వెళ్ళగలం. మొదటి ఏడాది ఖర్చంతటికీ డబ్బుందని చూపిస్తేనే ఆ కాగితం పంపుతారు. జూన్ మొదటి వారం దాకా గడువిచ్చారు.

మిగిలిన దారి బ్యాంకు రుణం. అంత మొత్తానికి బ్యాంకు ఇల్లు తనఖా అడిగింది. రాయచూరు పాత ఊళ్ళో మేముంటున్న రాతి గోడల ఇల్లు మా తాత పేరు మీదే ఉండిపోయింది. వంశవృక్షం సర్టిఫికెట్టు తెప్పించి చూసిన బ్యాంకు వకీలు వారసులు ఇద్దరని తేల్చాడు: నాయిన, ఆయన చెల్లెలు. ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఆ చెల్లెలే మా అత్తమ్మ, యరగేరలో ఉంటుంది. బస్సులో పెద్ద దూరం కాదు. అయినా మా రెండిళ్ళ మధ్య రాకపోకలు చాలా ఏళ్ళుగా పలచబడ్డాయి. కొట్లాట ఏమీ జరగలేదు. పెళ్ళిళ్ళలో కలిస్తే "బాగున్నవా" అంటే "బాగున్న" అనుకునేవాళ్ళు, అంతే. నాయిన శక్తినగర్ థర్మల్ కేంద్రంలో బొగ్గు కన్వేయర్ల దగ్గర టెక్నీషియన్. ఎందుకు వెళ్ళరని అడిగితే షిఫ్టు పేరు చెప్పేవాడు.

ఇల్లు పోతుందేమోనన్న భయమే అత్తమ్మను ఆపగలదని నేను ముందే నిర్ణయించుకున్నాను. భయానికి మందు వివరాలు. ఒక ఆదివారం ఫైలు పట్టుకుని బయల్దేరాను. బస్టాండులో డజను అరటిపండ్లు కొన్నాను. నేను వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది.

"రారా అల్లుడా. ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా మా ఊరికి?"

"తొవ్వ బస్సుకు తెలుసు అత్తమ్మా. నేను ఎక్కి కూసున్న అంతే."

"మాటలైతే నేర్చినవు. మీ నాయిన రాలేదేంది?"

"సెకండు షిఫ్టు."

"ఎప్పుడు సూడు షిఫ్టే. రాష్ట్రమంతటికి ఆయన ఒక్కడే చేస్తడా కరెంటు?"

మంచం మీద పడుకున్న మామ నవ్వాడు. తిన్నాక నేను కాగితాలు పరిచాను. వడ్డీ ఎంత, చదువయ్యేదాకా కిస్తు ఎందుకు కట్టక్కర్లేదు, తర్వాత నెలనెలా ఎంత కట్టాలి, అన్నీ చెప్పాను. ఉద్యోగం రాకపోతే ఏం చేయాలో మూడు దారులు రాసుకొచ్చాను, అవీ చదివాను. అత్తమ్మ చివరిదాకా విన్నది.

"దస్కత్తు ఏడ పెట్టాలె?"

వేలుతో చూపించాను. ఆ చోటును చూసింది.

"చూస్తం తీ," అంది.

వడ్డీ దగ్గరే ఆగిపోయి ఉంటుందని బస్సులో తేల్చుకున్నాను. ఆ వారమంతా డ్యూటీ దిగాక బ్యాంకుల చుట్టూ తిరిగాను. ఒకచోట అర శాతం తక్కువకు ఒప్పుకున్నారు. కాగితాలన్నీ మళ్ళీ రాసి, తరువాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాను.

"మళ్ళ అవే కాయిదాలా?"

"ఇవి కొత్తవి అత్తమ్మా. వడ్డీ అర శాతం తక్కువ."

"అట్లనా. మంచిగైంది. చాయ్ తాగు."

"మరి దస్కత్తు?"

"నేనేడికి పోత? ఈడనే ఉంట కదా. చూస్తం."

చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె వాకిట్లోకి వచ్చి అడిగింది. "వంటింట్ల గూట్లె మా అమ్మ బియ్యం కుండ ఉండె. ఉందా, తీసేసిన్రా?"

ఉందన్నాను. నా కాగితాల్లో దేనికీ సంబంధం లేని ప్రశ్న కాబట్టి దాన్ని అక్కడే వదిలేశాను.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అడిగింది.

"ఉత్త చేతులతోని పోయినవా రెండుసార్లు?"

"అరటిపండ్లు తీస్కపోయిన."

"పండ్లు సుట్టాలు తీస్కపోతరు. నువ్వు ఆమె పుట్టింటి పిల్లగానివి. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసి ఎన్నేండ్లయిందో మీ నాయిన్ని అడుగు, వడ్డీ సంగతి ఎనక చూద్దువు."

పెళ్ళయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్ళు ఇంటికి పిలిచి, చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఆమె ఒడిలో పోస్తారు. మా వీధిలోని కన్నడం వాళ్ళు దీన్నే ఉడి నింపడం అంటారు. ఒకసారి పోశాక మళ్ళీ మూడో ఏట, ఐదో ఏట, అలా బేసి సంవత్సరంలోనే పోయాలి. సరి సంవత్సరంలో పోయరు. ఇదంతా నాకు తెలియక కాదు. రుణానికీ దీనికీ సంబంధం ఉంటుందని తట్టలేదు.

నాయిన డ్యూటీ నుంచి వచ్చి మెడ మీది బొగ్గుపొడి కడుక్కుంటున్నాడు. అడిగాను.

"మీ నానమ్మ ఉన్నప్పుడు పోసినం. మూడో ఏడు యూనిట్ బంద్ పెట్టి బాయిలర్ పని తీసిన్రు, సెలవు దొరకలె. సరి ఏడు పొయ్యొద్దని ఊకున్న. ఐదో ఏడు మీ నానమ్మ పాయె. ఇంగ దానెనక ఏ మొకం పెట్టుకొని పిలుస్తం అనుకున్న." తువ్వాలు తీసుకున్నాడు. "ఏమన్న అన్నదా నా చెల్లె?"

"ఏమనలె. రాష్ట్రమంతటికి నువ్వొక్కనివే కరెంటు చేస్తవా అని అడిగింది."

నవ్వబోయి ఆగిపోయాడు. "ఇప్పుడు పిలిస్తే దస్కత్తు కొరకే పిలిచిన్రు అనుకుంటది."

"అనుకోనియ్యి," అంది అమ్మ లోపలి నుంచి. "అనుకునేటట్లే చేసినం కదా."

నేను లెక్కపెట్టాను. "ఇది పదకొండో ఏడు నాయినా. బేసి."

"మంచిగ చూసినవా?"

"రెండుసార్లు."

మర్నాడు నాయిన సెలవు పెట్టాడు. అమ్మా ఆయనా కుంకుమ భరిణె తీసుకుని యరగేర వెళ్ళారు. అక్కడ జరిగింది అమ్మ చెప్పింది. గడప దగ్గర నిలబడి నాయిన, "చెల్లె, శుక్రవారం ఇంటికి రావాలె," అన్నాడట. డ్యూటీ లేదా అని అడిగిందట. లేదన్నాడట.

"దస్కత్తు కొరకా?"

"దస్కత్తు నువ్వు పెట్టకున్నా సరే. ఒడిబియ్యం పోస్తం, రా."

మంచి మాటే. కానీ గడువు దగ్గరికొచ్చేసింది, నా దగ్గర ఇంకో దారి లేదు. నాయిన ఆ మాటను నిజంగానే అన్నాడు. అందుకే నాకు భయమేసింది. ఒడిబియ్యం పోసే రోజున ఫైలు ఎవరికీ కనపడనివ్వొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. దాన్ని తీసుకెళ్ళి బీరువా పైన పెట్టాను.

శుక్రవారం పొద్దున్నే అత్తమ్మా మామా వచ్చారు. ఆమె గడప దాటి ముందు వంటింట్లోకి వెళ్ళి గూటిలో కుండను చూసుకుంది. తరువాతే వచ్చి పీట మీద తూర్పు ముఖంగా కూర్చుంది. నాయినా అమ్మా దోసిళ్ళతో బియ్యం పోశారు. నాయిన తొందరగా పోయడంతో కొన్ని గింజలు కింద పడ్డాయి.

"నిదానం అన్నా," అంది అత్తమ్మ. "ఇది కన్వేయర్ కాదు."

అందరం నవ్వాం. నాయిన కళ్ళు తుడుచుకున్నాడు.

ఒడి నిండాక అందులోంచి కొంత బియ్యం పుట్టింట్లో వదిలి వెళ్ళడం మా ఆనవాయితీ. అత్తమ్మ కొంగు పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి నడిచి, వాళ్ళమ్మ కుండలో ఐదు గుప్పిళ్ళు వేసింది. "ఇల్లు సల్లగుండాలె," అంది. భోజనాలయ్యాయి. నేను సంతకం మాట ఎత్తలేదు. వక్క నములుతూ ఆమే ఎత్తింది.

"యాడున్నయిరా నీ కాయిదాలు? తే."

బీరువా మీది నుంచి దించాను.

"అర శాతం తక్కువదే కదా ఇది?"

"అదే అత్తమ్మా."

"నువ్వు చెప్పిన మూడు దార్లల్ల రెండోది నాకు నచ్చలె."

నాకే వెంటనే గుర్తు రాలేదు. చూసి చెప్పాను: ఉద్యోగం రాకపోతే ఈ ఇల్లు కిరాయికిచ్చి, అమ్మా నాయినా చిన్న ఇంటికి మారి, ఆ డబ్బుతో కిస్తు కట్టడం.

"కిరాయికిస్తే నన్ను ఏడ కూసోబెట్టి పోస్తరు బియ్యం?"

పెన్ను తీసి రెండో దారి కొట్టేశాను. ఆమె చూస్తుండగానే. అప్పుడు పెన్ను తీసుకుంది.

సోమవారం బ్యాంకులో మేనేజరు ముందు అసలు పత్రాల మీద సంతకాలు పెట్టాలి. ఆయన మంచివాడు. ఆమెను కన్నడంలో అడిగాడు, కట్టకపోతే ఇల్లు పోతుందని తెలుసా అమ్మా అని. అత్తమ్మ కన్నడంలోనే జవాబు చెప్పింది: తెలుసు, మా అల్లుడు రెండుసార్లు ఇంటికొచ్చి చదివి వినిపించాడు, మీరు మళ్ళీ చదవక్కర్లేదు. మేనేజరు పత్రాలు ఆమె వైపు జరిపాడు.

రుణం మంజూరైన కాగితం పంపిన కొద్దిరోజులకు ఐ-ట్వంటీ వచ్చింది. వెళ్ళాక రెండో సెమిస్టరులో కాంక్రీటు ల్యాబులో పని దొరికింది. బొగ్గు బూడిదను సిమెంటుతో కలిపి పరీక్షించే పని. బూడిద నాకు కొత్త కాదు. ఫీజులో చాలా భాగం దానితో పోయింది, మంజూరైన రుణంలో సగానికి పైన తీసుకోనే లేదు. పోయిన ఏడాది ఉద్యోగంలో చేరాను. కిస్తులు మొదలయ్యాయి.

నా ఫోనులో రెండు రిమైండర్లు ఉన్నాయి. ఒకటి ప్రతి నెలా మోగుతుంది. రెండోది బేసి సంవత్సరాలకు పెట్టుకున్నది. అది మొదటిసారి ఈ మధ్యే మోగింది. వెంటనే నాయినకు ఫోన్ చేశాను.

"నాయినా, ఈసారి బేసి ఏడు."

"నువ్వు చెప్పేదాక కూసుంటనా? పోయిన నెలనే సెలవు రాసిచ్చిన. చీర మీ అమ్మ తెచ్చింది." ఆగి అన్నాడు, "ఇంగ ఎన్ని కిస్తులున్నయో అడగమన్నది మీ అత్తమ్మ."

చెప్పాను. ఆయన గట్టిగా ఆ అంకె తిరిగి చెప్పాడు, పక్కనున్నవాళ్ళకు వినపడేట్టు. అవతల అత్తమ్మ గొంతు వినిపించింది.

"అర శాతం తక్కువ కాబట్టి గిట్ల దిగొస్తున్నయి."