చెకింగమ్మ

కండక్టరన్న పోయాడని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయాడట. నా భర్త ఫోన్ పక్కన పెట్టాడు. తర్వాత చొక్కా వేసుకుని బయలుదేరాడు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, అనుమానం. కండక్టరన్న గురించి రాస్తూ అబద్ధం రాయలేను. మా చిత్తూరు వైపు శ్మశానానికి వెళ్ళిన మగవాళ్ళ మధ్య మందు సీసా తిరగడం కొత్త కాదు. తిరిగొచ్చాక బయటే నోరు పుక్కిలించి, తలస్నానం చేసి గానీ ఇంట్లో అడుగు పెట్టకూడదు. అప్పుడు నా భర్త తాగాడో లేదో నేనేం కనిపెట్టగలను?

కండక్టరన్న మాకు బంధువు కాదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తాగుడు మానాలనుకునే వాళ్ళను ప్రతి ఆదివారం సాయంత్రం ఒకచోట కూర్చోబెట్టేవాడు. నా భర్త కడుపు ఉబ్బి ఆసుపత్రిలో చేరినప్పుడు, అక్కడి నర్సమ్మ ఒక చీటీ మీద ఆయన నంబరు రాసిచ్చింది. నా భర్త ఆ చీటీ ముట్టుకోలేదు. నేనే ఫోన్ చేశాను.

“మీరెవరండీ?”

“పేరెందుకులేమ్మా. కండక్టరను, సాలు. ఆదివారం ఐదింటికి మీటింగుండాది. మీ ఆయన్ని పంపీ.”

ఫోన్ పెట్టేశాను. మీటింగట! పదహారేళ్ళుగా మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. నా భర్త మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. “ఈ పొద్దు మీటింగుండాది” అన్నాడంటే తాగి వస్తాడని. వంటింటి క్యాలెండరులో ఆ తేదీ గడిలో ‘వా’ అని రాసేదాన్ని, వాసన వచ్చిందని. రాని రోజు ‘లే’. ఏ నెలలో ఎన్ని ‘వా’లో అడిగితే చూడకుండా చెప్పేదాన్ని. ఇప్పుడు పేరు కూడా చెప్పని ఒకడు అదే మాటతో నా మొగుణ్ణి పిలుస్తున్నాడు.

వేరే దారి లేక పంపాను. పంపి, వెనకాలే ఆటోలో వెళ్ళాను. మార్కెట్టు వెనక ఒక ట్యుటోరియల్ మేడమీద గది. బోర్డు లేదు. గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులు, అన్నీ మగవాళ్ళవే. లోపల నవ్వులు. మతంలో కలిపేవాళ్ళా, ఏదైనా అమ్మేవాళ్ళా, లేక కొత్త తాగుబోతుల జట్టా? చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, బల్ల మీదున్న స్టీలు గ్లాసు ఒకటి తీసి వాసన చూశాను.

“అది కడిగిందిమ్మా, దాంట్లో ఏం తెలస్తాది? ఇది సూడు.”

తెల్లమీసాల పొట్టి మనిషి, తను తాగుతున్న గ్లాసు నా ముందుకు చాచాడు. అల్లం టీ. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన లోపలికి తిరిగి, “ఒరే అబ్బా, సెకింగొచ్చింది! అందురూ గ్లాసులు సూపీండి” అని కేకేశాడు. వాళ్ళు నిజంగానే ఒక్కొక్కరూ లేచి వచ్చి గ్లాసులు చూపించారు. చివర నా భర్త.

ఆ రోజు నుంచి నేను చెకింగమ్మను. ఆదివారం నా తల కనిపిస్తే చాలు, కండక్టరన్న అడక్కుండానే గ్లాసు చాచేవాడు. మీటింగు అయిపోయాక తలుపు మీద అరచేత్తో రెండు సార్లు తట్టి, “రైట్, పోనీ” అనేవాడు. అయినా నా అనుమానం పోలేదు. ఒకసారి అడిగేశాను, దీంట్లో మీకేమొస్తుందని.

“నేను గూడా తాగకుండా ఇంటికి పోతాను గదమ్మా” అన్నాడు.

ఎనిమిదో నెలలో నా భర్త మళ్ళీ తాగాడు. ఫోన్ చేసి, ఇదేనా మీ మీటింగు అని అరిచాను. మర్నాడు పొద్దున్నే కండక్టరన్న వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. “మధ్యలో దిగినాడు. మళ్ళా ఎక్కుతాడు” అని, తన సంగతి చెప్పాడు.

“మా ఇంటామె గూడా నీ మాదిరే. దినామూ నా నోరు వాసన సూసేది. ఒకనాడు సూడకుండా తలుపు తీసి లోపలికి పాయె. నమ్మి కాదమ్మా, యాష్ట పడి, ఇసుగొచ్చి. ఆ పొద్దు పుట్టింది నాకు భయం. అనుమానపడు, తప్పులేదు. కానీ వెనకాల గాదు, ఎదురుగా నిలబడి పడు.”

అప్పటి నుంచి విప్పిన చొక్కాలు వాసన చూడటం మానేశాను. నా భర్తనే ఎదురుగా నిలబెట్టి ఊదమనేదాన్ని. ఊదేవాడు. క్యాలెండరులో రాసేదాన్ని. రెండేళ్ళ పైన అయింది, అన్నీ ‘లే’లే.

గురువారం పొద్దుగూకే వేళకు వాకిట్లో కుళాయి కింద బకెట్ పెట్టి, గేటు దగ్గర నిలబడ్డాను. నా భర్త వచ్చాడు. పాదాల నిండా బూడిద, మట్టి. కుళాయి వైపు పోలేదు. గేటు అవతలే ఆగాడు.

“ముందు సూడు. నీళ్ళు పోసుకున్నాక నీకేం తెలస్తాది?”

“ఆడ మందు తెచ్చినారా?”

“తెచ్చినారు.”

ఎదురింటి వాళ్ళు చూస్తున్నారు. ఆయన నోరు తెరిచి ఊదాడు. తాకకుండా, గేటు మీదుగా వంగి చూశాను. పొగ, కర్పూరం, పొద్దుటి నుంచి ఏమీ పడని నోటి వాసన. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి ఊదాడు. అప్పుడు గేటు తీశాను.

వంటింట్లోకి వచ్చి గురువారం గడిలో ‘లే’ అని రాశాను. కొన్ని వందలసార్లు రాసిన అక్షరం. ఆ రోజు మాత్రం అది కండక్టరన్న ఇక లేడని రాసినట్టు కనబడింది. పెన్ను ఆ గడి మీదే ఆగిపోయింది. బయట కుళాయి కింద నీళ్ళు పడుతున్న చప్పుడు.