కంటే తెచ్చిన తంటా

ఒక్క ఇంగ్లీషు వాక్యంతో ఉద్యోగం మీదికి తెచ్చుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

డెబ్భైల చివర్లో కన్నడ నాట, బళేపేటలో ఒక బట్టల హోల్‌సేల్ కంపెనీలో టెంపరరీ టైపిస్టుని. పర్మనెంటు చేయమని అడిగినప్పుడల్లా మేనేజరు చూద్దాం అనేవాడు. మూడేళ్లలో కళ్లజోడు మార్చాడు, కుర్చీ మార్చాడు, ఆ మాట మాత్రం మార్చలేదు. ఆయన రిటైరవుతున్నాడని తెలిసి మా వీధంతా మైసూరుపాకు పంచినంత పని చేశాను.

ఆయనకు వీడ్కోలూ, కొత్త మేనేజరుకు స్వాగతమూ ఒకే సభలో పెట్టారు. స్టాఫు తరఫున ఇంగ్లీషులో మాట్లాడతానని నేనే దూకాను.

"తెలుగులోనో కన్నడలోనో చెప్పప్పా, నీకెందుకీ తిప్పలు?" అన్నాడు హెడ్ క్లర్కు కృష్ణప్ప. వింటేనా? ఫుట్‌పాత్ మీద కొన్న గ్రామరు పుస్తకంలో 'బెటర్ దేన్' అంటే 'కంటే మేలు' అని అప్పటికే కనిపెట్టేశాను.

పాత మేనేజరు కంటే కొత్త మేనేజరు మేలు. ఇదీ నా మనసులోని మాట. పోయేవాడు ఏమనుకుంటే నాకేం? మాట తర్వాత మాట అదే వరసలో పేర్చి మైకులో అందుకున్నాను: "ఓల్డ్ మేనేజర్ ఈజ్ బెటర్ దేన్ న్యూ మేనేజర్."

చప్పట్లు లేవు. వినపడలేదేమోనని ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను. కొత్తాయన మెడలో దండ తీసి బల్ల మీద పెట్టాడు.

కృష్ణప్ప నన్ను పక్కకు లాగాడు. "ఏమప్పా, ఆయన కంటే పాతాయనే మేలని మొగం మీదే చెప్తాండావే."

మన 'కంటే' ముందు మాటకు అంటుకుంటే, వాళ్ల 'దేన్' వెనక మాటను పట్టుకుంటుందని అప్పుడు తెలిసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకైతే ఉన్న ఉద్యోగమే పోయేటట్టు కనిపించింది.

పాతాయన మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లు ఏడిపించినా తనమీద ఇంత అభిమానమా అని కరిగిపోయి, వెళ్లేముందు నా పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేశాడు.

మర్నాడు కొత్తాయన గదిలోకి పిలిచాడు. జరిగిందంతా తెలుగులో ఒప్పుకున్నాను. హిందూపురం వైపు మనిషట, కడుపు పట్టుకుని నవ్వాడు.

"నీ ఇంగ్లీషు కంటే నీ తెలుగే మేలప్పా. ఇది తెలుగులోనే చెప్తాండా, తిరగేసుకోవద్దు."

ఆ గదిలోనే ఒట్టు పెట్టుకున్నాను: ఇంగ్లీషులో ఇద్దరు మనుషుల్నే కాదు, రెండు వంకాయల్ని కూడా పోల్చను. కొత్త చీర పాతదానికంటే బాగుందా అని మా ఆవిడ అడిగితే, ఈనాటికీ తెలుగులోనే తల ఊపుతాను.