మిరప చేనులో విందు పళ్ళాలు

కరోనా భయం సద్దుమణిగిన ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది: దేవుడున్నాడు, నాకు అన్నీ తెలుసు. మొదటిది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ ఏడు మహబూబాబాద్ చుట్టుపక్కల మిరప పూతలో నల్ల తామర పురుగు పడింది. నువ్వు గింజంత కూడా లేని ఆ పురుగు ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చిందట. ఏ మందుకూ లొంగలేదు. పూతంతా రాలిపోతుంటే పక్క చేలవాళ్ళు మొక్కలు పీకేశారు. మా నాయిన కూడా "సోమారం మనం గూడ దున్నిచ్చుడే" అన్నాడు.

ఆ పురుగు నీలి రంగుకు వచ్చి వాలుతుందని, నీలి అట్టలకు జిగురు పూసి చేనులో పెట్టమని వ్యవసాయాధికారి చెప్పాడు. దుకాణాల్లో అట్టలు అయిపోయాయి. మా చర్చి సంఘం విందు పళ్ళాలేమో నిండు నీలి రంగు ప్లాస్టిక్‌వి, వాటి బీరువా తాళంచెవి నా దగ్గరే ఉండేది (నమ్మకస్తుడినని ఇచ్చారు). ఉన్న పళ్ళాలన్నిటికీ గ్రీజు పూసి, సైకిల్ ట్యూబు ముక్కలతో కర్రలకు కట్టి చేనంతా పాతాను. తర్వాత మోకరించి "ప్రభువా, పురుగులను పంపించు" అని ప్రార్థించాను. "ఉన్నయి సాలవా బిడ్డా?" అన్నాడు నాయిన.

ఆదివారం బాప్తిస్మం విందు ఉందన్న సంగతి మందిరం దగ్గర అన్నం ఉడికాక గాని నాకు గుర్తు రాలేదు. "పళ్ళాలేడ వోయినయ్‌రా?" అంది వంట చూసే అవ్వ. "మా చేన్ల ఉన్నయవ్వా" అన్నాను. "చేన్లనా? మిరప చెట్లకు బువ్వ పెడ్తున్నవా?" సంఘపెద్దకు కోపమొచ్చింది. "ఇప్పుడే పీక్కరా, కడిగిస్త" అన్నాడు. పీకితే మర్నాడు ట్రాక్టరు రావడం ఖాయం. అవ్వ మాత్రం నడుచుకుంటూ చేనుకొచ్చి, ఒక పళ్ళెం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. నీలం కనపడనంతగా నల్లగా పురుగులు. "అమ్మో, మన విందుకన్న గీడనే మంది ఎక్కువున్నరు గదరా! ఉండనీ తియ్. మనం ఆకులల్ల తిందాం" అంది. ఆ రోజు అందరం మోదుగ విస్తర్లలోనే తిన్నాం. అవ్వ మాట మీద నాయిన ట్రాక్టరు వద్దని, వేపనూనె కొట్టి ఇంకో పదిహేను రోజులు ఆగాడు. మళ్ళీ వచ్చిన పూత నిలిచింది. పంట సగమే వచ్చింది గాని, వచ్చింది.

తొలి కోత మిరపకాయల బస్తాను కానుకగా తెచ్చి, మందిరంలో ఫ్యాను పక్కన మూతి విప్పి పెట్టాం. దేవుడు చేసిన మేలు గురించి నేను సాక్ష్యం చెబుతుంటే సంఘమంతా కళ్ళు తుడుచుకుంది. నా మాటల బలం అలాంటిదని ఏడాదిపాటు నమ్మాను. అది మిరప ఘాటని చెప్పింది కూడా అవ్వే. అయినా, ఒకరిద్దరైనా నా మాటలకే ఏడ్చి ఉంటారని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.