ఫాతాయ్ అవునంది

హాపాయ్ దీవుల్లోని ఆ ఊళ్ళో కోళ్ళు కూసి ఊరుకున్నాక దుంగల మోత మొదలవుతుంది. ఆడవాళ్ళు ఇద్దరిద్దరు ఒక్కో దుంగకు అటూ ఇటూ నేలమీద కాళ్ళు మడిచి కూర్చుని, నానిన చెట్టు బెరడును ఇకేతో కొడతారు. ఇకే అంటే నాలుగు పలకలున్న బరువైన కొయ్య. గాట్లున్న పలకతో మొదలుపెట్టి నున్నటి పలకతో ముగించాలి. చెయ్యి తిరిగినవాళ్ళు కొడితే జానెడు పట్టీ ఎక్కడా చిల్లు పడకుండా మూరెడు వెడల్పుకు సాగుతుంది. అలాంటి పట్టీలను జిగురుతో అతికి, రంగులద్ది, పెళ్ళికీ చావుకీ పరిచే పెద్ద బట్ట చేస్తారు.

ఆ మోతను ఫాతాయ్ రెండేళ్ళుగా తన ఇంటి గుమ్మంలో నిలబడే వింటోంది.

ఏ దెబ్బ ఎవరిదో ఆమెకు చూడకుండానే తెలుసు. తోటికోడలు వీకాది గట్టి దెబ్బ, కాస్త తొందర దెబ్బ. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఇద్దరిదీ ఒకటే దుంగ. ఒకరి ఇకే లేస్తుంటే ఇంకొకరిది దిగేది. ఇప్పుడు వీకా ఒక్కతే కొడుతోంది. ఎదురుగా ఇంకెవరినీ కూర్చోనివ్వదు. దాంతో ఆమె దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక ఖాళీ వినబడుతుంది. ఆ ఖాళీ తనది. గుమ్మంలో నిలబడిన ఫాతాయ్ కుడిచెయ్యి తెలియకుండానే ఆ ఖాళీలో పైకి లేచి దిగుతుంటుంది.

నొప్పి కుడి తుంటిలో పుట్టింది. కాళ్ళు మడిస్తే చాలు, అక్కడెవరో మేకు దింపినట్టుంటుంది. అక్కడినుంచి తొడ వెనకగా పిక్కదాకా మంట దిగుతుంది. చర్చిలో చాప మీద కూర్చోలేక వెనక గోడకు ఆనుకుని నిలబడుతోంది. ఆమె మొగుడు పౌలియాసి పడవలు చేసే వడ్రంగి, మాట తక్కువ మనిషి. చెట్టు మందులు తెచ్చి కాచి ఇచ్చాడు, కొబ్బరినూనె వెచ్చచేసి రుద్దాడు. రుద్దినంతసేపూ హాయిగానే ఉండేది.

ఊరికి నెలకోసారి పడవలో డాక్టరు వస్తాడు. పొడుగాటి పాలాంగి కుర్రాడు, అంటే తెల్లవాడు, చెడ్డవాడు కాదు. ఆ దీవుల భాష పుస్తకం చూసి నేర్చుకుని మరీ వచ్చాడు. తప్పుల్లేకుండా మాట్లాడతాడు, పెద్దవాళ్ళను మర్యాదగా పలకరిస్తాడు. చర్చి పక్క గదిలో బల్ల ముందు కూర్చుని, కంప్యూటర్లోకి చూస్తూ ప్రశ్నలు అడుగుతాడు, జవాబులు టకటకా కొట్టుకుంటాడు.

ఫాతాయ్ ఆయన దగ్గరికి వెళ్తూనే ఉంది. వెళ్ళినప్పుడల్లా అదే వరస.

"నొప్పి కిందికి దిగుతోందా?"

ఫాతాయ్ జవాబు చెప్పింది.

డాక్టరు కాసేపు ఆగాడు. "లేదన్నమాట," అని తనలో తను అనుకుని టకటకలాడించాడు. "పడుకున్నప్పుడు కూడా ఉంటుందా?"

ఫాతాయ్ దానికీ చెప్పింది.

"ఊఁ. లేదు." మళ్ళీ టకటక. "ఈ వయసులో కీళ్ళు పట్టెయ్యడం మామూలేనండీ. పోయినసారి బిళ్ళలతో కొంచెం నయమేగా?"

నయం కాలేదు. కానీ మనకోసం సముద్రం దాటి వచ్చి మందిచ్చిన మనిషి మొహం మీద, నీ మందు పనిచెయ్యలేదని ఎలా అంటారు? "మంచిదయ్యా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అనేసి, మళ్ళీ అవే తెల్ల బిళ్ళలు పట్టుకుని ఇంటిదారి పట్టేది. అన్నీ చెప్పినా ఈయన నమ్మడెందుకని దారంతా కుమిలిపోయేది. తగ్గకపోతే పోయె, నొప్పి ఉందని ఒక్కరైనా ఒప్పుకుంటే బాగుండునని ఉండేది ఆమెకు. ఊళ్ళో కొందరు అప్పుడే మూతులు తిప్పుతున్నారు. డాక్టరే ఏం లేదన్నాడట, పని ఎగ్గొట్టడానికట. ఆ మాట ఆమె చెవిన పడిన రోజు పెండలం దుంప ముట్టకుండా పక్కకు నెట్టేసింది.

ఆ నెల డాక్టరు పడవ వచ్చేసరికి వీకా తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"పద, నేనూ వస్తా."

"నువ్వెందుకే? అక్కడ బెరడు ఎండిపోతుంది."

"ఎండనీ. ఆ దుంగ ముందు ఒక్కదాన్నే కొడుతుంటే మొగుడు లేచిపోయినదానిలా ఉంది నా బతుకు. ఆయనేమంటాడో నా చెవులతో వినాలి."

గదిలో ఫాతాయ్ కుర్చీ అంచున కూర్చుంది. వీకా తలుపు దగ్గర నిలబడింది. డాక్టరు ఇద్దరినీ నవ్వుతూ పలకరించి, కంప్యూటరు వైపు తిరిగాడు.

"తుంటిలో ఇంకా నొప్పిగా ఉందా?"

జవాబు.

"కాలు మడిస్తే ఎక్కువవుతోందా?"

జవాబు.

డాక్టరు నిట్టూర్చాడు. "చూడండి ఫాతాయ్ గారూ, మీరేమీ చెప్పకపోతే నేనేం చెయ్యగలను?"

"చెప్పకపోవడమేంటి?" అని తలుపు దగ్గరినుంచి వీకా గయ్‌మంది. "అవునంటోందిగా!"

"ఎప్పుడన్నారు?"

"ఇప్పుడే! అడిగిన ప్రతిదానికీ అంది!"

"నాకు వినబళ్ళేదండీ."

వీకా ఒకసారి డాక్టరు వీపు చూసింది, ఒకసారి ఫాతాయ్ మొహం చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓరి దేవుడో! డాక్టరు బాబూ, అది వినేది కాదు, చూసేది. ఇటు తిరుగు. తిరిగి అడుగు."

డాక్టరు కుర్చీ తిప్పాడు. "కాలు మడిస్తే నొప్పి ఎక్కువవుతోందా?"

ఫాతాయ్ కనుబొమలు పైకి లేచి దిగాయి.

ఊరంతా అవుననేది అలాగే. మాటలు రాని పసివాళ్ళు కూడా పాలు కావాలా అంటే బొమలెగరేస్తారు. ఇలా చెబుతారని డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఎదుటి మనిషి మొహం చూడకుండా ప్రశ్న అడిగేవాడు ఉంటాడని కూడా తోచలేదు.

"కిందికి దిగుతోందా?" బొమలు. "పడుకున్నా ఉంటుందా?" బొమలు. "బిళ్ళలు పనిచేశాయా?"

ఫాతాయ్ మొహం రాయిలా ఉండిపోయింది.

"ఇది?" అని డాక్టరు వీకా వైపు చూశాడు.

"అది లేదని. నీ బిళ్ళలు దండగ అని. తను మర్యాదస్తురాలు, నోటితో అనదు. నాకా ఇబ్బంది లేదు."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. కంప్యూటరు మూత దించేశాడు. ఫాతాయ్‌ని బల్ల మీద పడుకోబెట్టి, కాలు మెల్లగా మడిచి, పక్కకు తిప్పి, వేళ్ళతో నొక్కుతూ వచ్చాడు. ఈసారి కళ్ళు ఆమె మొహం మీదే పెట్టాడు. ఒక చోట చెయ్యి ఇంకా ఆనకముందే బొమలు లేచాయి. అక్కడ ఆగాడు.

"ఇన్ని నెలలూ చెబుతూనే ఉన్నారన్నమాట," అన్నాడు.

బొమలు లేచాయి, కిందనున్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కీలు అరిగిందనీ, నరం కూడా నలుగుతోందనీ, ఎక్స్‌రే ఫోటో తీయించడానికి పెద్ద దీవికి పంపిస్తాననీ చెప్పాడు. వేరే మందు ఇచ్చాడు. "కానీ నేలమీద మునపటిలా కూర్చోగలరని మాత్రం మాటివ్వలేను," అన్నాడు. "అసలు మీకేం చెయ్యాలనుంది?" అని అడిగాడు.

ఇంతవరకూ ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఫాతాయ్ లేచి కూర్చుంది. చెయ్యి చాపి ఆయన బల్ల మీద పిడికిలితో కొట్టింది. ఒక దెబ్బ, కాస్త ఖాళీ, ఒక దెబ్బ, కాస్త ఖాళీ. వీకా తలుపు దగ్గరినుంచి వచ్చి బల్లకు అవతల నిలబడి, ఆ ఖాళీల్లో కొట్టడం మొదలుపెట్టింది. మందు సీసాలు గలగలలాడాయి. డాక్టరు వాటిని పట్టుకుని, ఆపమనకుండా చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి వీకా ఇదంతా చెబితే పౌలియాసి పనిముట్లు తీశాడు. మర్నాడు దుంగ కింద రెండు మొద్దులు ఎత్తుపెట్టి, ఫాతాయ్ కూర్చోవడానికి ఎత్తు పీట చేశాడు. ఆమె ఇకేతో ఒక దెబ్బ కొట్టి చూసి మొహం ముడిచింది. మోత చచ్చిపోయింది, తడి ఇసుకను కొట్టినట్టుంది. ఆయన చెవి దుంగకు ఆనించి మళ్ళీ కొట్టించాడు. మొద్దులు తీసేసి, రెండు కొసల కింద మాత్రం సన్నటి చెక్కలు నిలువుగా పెట్టి, దుంగ నడుము గాలిలో తేలేలా నిలబెట్టాడు. మోత కొంత తిరిగొచ్చింది. పూర్తిగా రాలేదు. నేల మీది దుంగకు ఉండే ఆ గొంతు వేరు.

దుంగ అంత ఎత్తుకు లేచాక వీకా కింద కూర్చుంటే అందదు. "నాకూ ఓ పీట చెయ్యమను మీ ఆయన్ని," అంది.

కొత్త మందు కొంచెం పట్టుకున్నాక ఒకనాడు పొద్దున్నే ఇద్దరూ వరసలోకి వెళ్ళి తమ దుంగకు అటూ ఇటూ పీటలేసుకున్నారు. "రాణులొచ్చారర్రా, దారివ్వండి," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఫాతాయ్ కూడా నవ్వింది గానీ, ఆమె కళ్ళు వాళ్ళ మడిచిన కాళ్ళ మీదా, వాళ్ళ కింద పరిచిన చాప మీదా ఆగిపోయాయి. ఆ చాప అంచున తన చోటు కొద్దిగా నలిగి ఇంకా అలాగే ఉంది.

వీకా ఇకే ఎత్తింది. ఆ ఖాళీలో ఫాతాయ్ దెబ్బ పడింది. వరసలో అందరికంటే బరువుగా, కాస్త బొంగురుగా పలికింది. చుట్టుపక్కల దెబ్బలు ఒక్క క్షణం తడబడి, ఆ బొంగురుకు సర్దుకున్నాయి.

పట్టీ సగం సాగేసరికి పిక్కలో మంట మొదలైంది. వీకా చెయ్యి ఆపకుండానే ఆమె మొహంలోకి చూసింది.

"నొప్పిగా ఉందా అక్కా?"

కనుబొమలు లేచాయి.

"ఆపేద్దామా?"

ఫాతాయ్ కనుబొమలు కదల్లేదు. ఇకేను నున్నటి పలకకు తిప్పుకుంది.