మా ముత్తాత తీసిన ముత్యాలు

అప్పట్లో బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో ఒక మనిషి విలువ తెలుసుకోవాలంటే అతను దేనిమీద కూర్చున్నాడో చూస్తే సరిపోయేది. పన్నెండేళ్ళ కిందటి మాట. హెల్పర్లుగా ఉన్న మా పదిమందికి స్కఫోల్డింగ్, అంటే పరంజా కట్టే పని నేర్పడానికి కంపెనీ వర్క్‌షాపు వెనక రేకుల గదిలో మూడు వారాల క్లాసు పెట్టింది. గదిలో మూడు బెంచీలే ఉన్నాయి. ఒక్కోదాని మీద ముగ్గురు చొప్పున తొమ్మిదిమంది సర్దుకున్నాక, అందరికంటే చిన్నవాడినైన నాకు బోర్లించిన రంగు డబ్బా మిగిలింది. (రెండో బెంచీ మీద ఇంకొకరు పడతారు. ఆ రోజే జానతో కొలిచి చూశాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.) ఫ్లాస్కులో టీ కూడా బెంచీలు తిరిగి తిరిగి చివరికి నా దగ్గరకు వచ్చేది, చల్లారిపోయి, అడుగున పొడితో.

మాకు పాఠం చెప్పేది ఒక ముసలి బహ్రెయినీ. ఉస్తాద్ అనేవాళ్ళం. ఒకరోజు టీ వేళ ఆయన తన తాత సముద్రంలో మునిగి ముత్యాలు తీసేవాడని హిందీలో చెప్పాడు. అసలు ముత్యాన్ని పంటికి రాస్తే ఇసుకలా గరగరమంటుందనీ, నకిలీది జారిపోతుందనీ కూడా చెప్పాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఒక తాత ఉంటే మనిషికి ఇంత మర్యాద దొరుకుతుందా అని నాకు కడుపు మండింది. ఆయన బయటికి వెళ్ళగానే డబ్బా మీదనుంచి లేచి, "మా ముత్తాత గూడ గీడికే వచ్చిండు, నిజాం కాలంల" అన్నాను.

మా క్లాసులో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. అందరం బావ అని పిలిచేవాళ్ళం. ఎవరినీ ఊరికే వదిలే రకం కాదు. "మీ ఊరి చెరువులో కప్పలకే నీళ్ళు చాలవంట కదరా, మీ ముత్తాతకి ఈత ఎవడు నేర్పాడు?" అన్నాడు.

"ఈతెందుకు? కాలికి రాయి కట్టుకొని, గంప వట్టుకొని తాడు మీద దిగేటోడు. పైన ఒకడు గుంజాలె. ఒకపాలి ఆ గుంజేటోడు మర్సిపోయిండు. ఇగ మా ముత్తాత కిందనే కూసొని గంపనిండ ఏరుకున్నడు."

"ఎంతసేపేంటి?"

"వాడు బువ్వ తిని వచ్చేదాక."

నిజానికి మా ముత్తాత జగిత్యాల దగ్గర బావులు తవ్వేవాడు. సముద్రం ఏ దిక్కున ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. తాడు, గంప, పైన మరిచిపోయినవాడు, అన్నీ మా నానమ్మ చెప్పినవే. నేను నీళ్ళలో ఉప్పు మాత్రమే కలిపాను. మరునాడు రెండో బెంచీ మీద నాకు చోటు దొరికింది. టీ వేడిగా వచ్చింది.

ఆ వైభవం ఎనిమిది రోజులు నడిచింది. మాలో పెద్దవాడు మెట్‌పల్లి అన్న. నాలుగేళ్ళుగా ఇంటి ముఖం చూడలేదు. క్లాసు అయిపోగానే సెలవు మీద వెళ్ళబోతున్నాడు. ఒక శనివారం ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. గుదైబియా బజారులో రోడ్డు పక్కన కొన్న ముత్యం.

"తమ్మీ, నీది ముత్యాలోళ్ళ రక్తం. అసలుదేనా సూడు. మీ వదినె పెండ్లైన కాడినుంచి నోరు తెరిచి అడిగింది గిదొక్కటే."

పంటికి రాశాను. చొక్కా గుండీలా జారింది. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. అబద్ధం చెప్పడం నాకు చేతకాని పని కాదు. కానీ నాలుగేళ్ళ తర్వాత ఇంటికి పోతున్న మనిషి చేతిలో ప్లాస్టిక్ పూస పెట్టి పంపడానికి మనసు రాలేదు. "అన్నా, ఇది ఉత్తది. నేను జెప్పిన కథ గూడ ఉత్తదే. మా ముత్తాత బావులు తవ్వేటోడు" అన్నాను.

బావ తొడ చరిచాడు. "చూశారా! సరుకు బాగుందని తెలిసి నొక్కేద్దామని చూస్తున్నాడు. ఆ వంశంలో పుట్టకపోతే ఇంత తెలివెలా వస్తుందండీ?"

అన్న పొట్లం లాక్కున్నాడు. "నీ కండ్లు పాడుగాను, మీ వదినె ముత్యం మీద కన్నేసినవారా?" అన్నాడు.

అబద్ధం చెప్పినప్పుడు బెంచీ ఇచ్చారు, నిజం చెప్పినప్పుడు డబ్బా ఇచ్చారు. వెళ్ళేరోజు క్యాంపు గేటు దగ్గర అన్న ఎనిమిదిమంది చేతులు పట్టుకుని వీడ్కోలు చెప్పాడు. తొమ్మిదోవాడిని నేను. చెయ్యి చాచే ఉంచాను. డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతుంటే అన్న బండెక్కి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు, పసుపు పంట చూసుకుంటున్నాడని విన్నాను. మిగిలినవాళ్ళు తలో కంపెనీకి చెదిరిపోయారు. ఇప్పుడు నేను సూపర్‌వైజర్ని. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నాదంటూ ఒక గది ఉంది. మా ముత్తాత సంగతి అడిగి ఎగతాళి చేసేవాడే లేడు.

పోయిన నెల ఇండియా నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి. "తమ్మీ, నేను మెట్‌పల్లి వదినెను. నీ నంబర్ దొర్కవట్టుడు ఎంత కష్టమైందో! ముత్యం దారం తెగితే కంసాలి దగ్గరికి తీసుకపోయిన. ఉత్తదని నవ్విండు. మీ అన్ననేమో మాట్లాడనీకె సిగ్గువడుతుండు. నువ్వన్న జెప్పు."

వెనక అన్న దగ్గు వినబడుతోంది. నేను చెప్పింది నిజమే, మీరే నమ్మలేదు అనే మాటను పన్నెండేళ్ళుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. స్నానం చేస్తూ, బస్సులో కూర్చుని ఎన్నిసార్లు పలికి చూసుకున్నానో. ఇప్పుడు అది నాలుక చివరిదాకా వచ్చింది.

"కంసాలికేమెరుక వదినె? ఆయన ముత్తాత సముద్రంల దిగిండా?" అన్నాను.

ఆమె గట్టిగా నవ్వింది. ఫోన్ చేతులు మారింది. తర్వాత అన్న గొంతు వినిపించింది. "తమ్మీ... తిన్నవా?"

"తిన్న అన్నా." (తినలేదు.)

అంతే మాట్లాడుకున్నాం. రంగు డబ్బా మీద కూర్చున్న ఇరవై మూడేళ్ళ ఆ కుర్రాడికి తెలిస్తే, చేతికందిన న్యాయాన్ని ఇలా జారవిడిచినందుకు నన్ను జన్మలో క్షమించడు. ఫోన్ పెట్టేస్తూ మళ్ళీ చేస్తానన్నాడు అన్న. నాలుగు శుక్రవారపు సెలవులు గడిచాయి, ఇంకా చేయలేదు. అది కూడా గుర్తు పెట్టుకుంటున్నాను.