మగ్గం ఆగితే లేచే బిడ్డ

కోయంబత్తూరు దగ్గర అన్నూరులో మా చెల్లెలి ఇంట్లో కరెంటు మగ్గాలు ఎనిమిది ఉన్నాయి. అవి నడుస్తున్నంతసేపూ నేల, గోడలు, మంచం కోళ్ళు అన్నీ సన్నగా అదురుతూనే ఉంటాయి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు, పిలిచినా వినబడి చావదు. భుజం తడతారు, చెయ్యి ఊపుతారు, కాస్త దూరమైతే కాలితో నేలను దబదబా కొడతారు. కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆ హోరుకు మా చెల్లెలు ఏడ్చింది. తర్వాత అదే అలవాటై, సింగానల్లూరులో మా ఇంటికి వచ్చినా నన్ను భుజం మీద చరిచే పిలిచేది.

దాని కూతురు పురిటికి ఆ ఇంటికే వచ్చింది. మగబిడ్డ. మగ్గాల గదిని ఆనుకుని ఉన్న వసారాలో, దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో, ఆ మోతలోనే వాడు హాయిగా నిద్రపోయేవాడు. కరెంటు పోయి మగ్గాలు ఆగాయో లేదో, కెవ్వుమని లేచేవాడు.

"చూస్తివా అక్కా, తరి నిలిస్తే చాలు, లేచేస్తాడు! ఏం చెవులో వీనికి!" అని మురిసిపోయేది మా చెల్లెలు. మగ్గాన్ని వాళ్ళు తరి అంటారు.

"కండిప్పుగా. చెవికేమీ కుఱ లేదు, నేను చెప్తా ఉండాను గదా" అని, లోపమేమీ లేదని ఖాయంగా తేల్చేశాను నేను.

నేనంటే అల్లాటప్పా మనిషిని కాదు మరి. కోయంబత్తూరులో పసికందుల వార్డులో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేస్తున్నాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గాని, మా వాళ్ళకు ఆ చెట్టు తప్ప వేరే మందే లేదు. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా నాకే ఫోను. ఆ గొప్ప నాకు ఇష్టంగానే ఉండేది, దాచడమెందుకు.

వాడు పుట్టింది మా ఆసుపత్రిలోనే. మూడో రోజుకు కామెర్లు బాగా ఎక్కి నా వార్డుకే వచ్చాడు. కళ్ళకు గంత కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టాం. పూటపూటా మడమ పొడిచి రక్తం తీయాల్సి వచ్చేది. పసిపిల్లలకు నొప్పేం తెలుస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తెలుస్తుంది. పొడవక ముందే బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించి, కాళ్ళూ చేతులూ దగ్గరకు ముడిచి పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా మాట్లాడుతూ ఉంటాను. సూది పని ముగిసేలోగా సగంమంది ఏడుపే మరిచిపోతారు. వీడి దగ్గర నా మాటలు పనిచేయలేదు. ఒంటికి ఒళ్ళు తగిలేలా తల్లి గుండెకు ఆనిస్తేనే ఊరుకునేవాడు. మొండిఘటం, అమ్మమ్మ పోలిక అని నవ్వేశాను.

ఇంటికి పంపేముందు చెవిలో చిన్న బిరడాలాంటిది పెట్టి చూశారు. పాసయ్యాడు. అయినా కామెర్లు అంతగా ఎక్కాయి గనుక నెల తర్వాత ఇంకో పరీక్ష కూడా చేయించమని డాక్టరు చీటీలో రాశారు. చెవిలో పడ్డ శబ్దం మెదడు దాకా వెళ్తోందా అని చూసేది అది. నెలకు మా అమ్మాయి, అదే మా చెల్లెలి కూతురు, ఫోన్ చేసి, రమ్మంటారా అని అడిగింది. "వేండాం. పసిబిడ్డను బస్సులో తిప్పేది ఏంటికి? తరి నిలిస్తే లేస్తాడు గదా" అని వద్దన్నాను. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ఐదో నెలలో అమ్మాయి టీకా వేయించడానికి బిడ్డను తీసుకుని మా ఇంటికి వచ్చింది. మా వీధిలో మగ్గాల్లేవు. వంటింటి గుమ్మంలో చాప మీద వాడు బొమ్మ చీకుతున్నాడు. పొయ్యి మీద కుక్కరు కూత పెట్టింది. నేనే ఉలిక్కిపడ్డాను. వాడు రెప్ప కూడా కొట్టలేదు.

అమ్మాయి స్నానానికి వెళ్ళేదాకా కాచుకున్నాను. వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. గరిటెతో పళ్ళెం మోగించాను. బొమ్మ మీది నుంచి వాడి చూపు కదల్లేదు. చివరికి కాలెత్తి నేల మీద దబ్బున కొట్టాను. గిరుక్కున తిరిగి నన్ను చూసి బోసినోటితో నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఐదు నెలలుగా వాడు మగ్గాల మోత వినలేదు. ఒంటికి తగిలే అదురు ఆగితే లేచేవాడు, అంతే.

అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చింది. "రేపు ఆ రెండో టెస్టుకు పొయ్యి వస్తాం" అని మాత్రం అన్నాను.

"ఏమైండాది పెద్దమ్మా?"

"ఊరికే. చూసేస్తే మనసుకు నిమ్మతి గదా."

నా మొహం వంక కాసేపు చూసింది. ఇంకేమీ అడక్కుండా బిడ్డ బట్టలు సంచిలో సర్దుకుంది.

ఆ పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించారు. వాడు పీకేశాడు. మళ్ళీ అంటించారు. గంట దాటినా నిద్రపోడు. అమ్మాయి వాణ్ణి ఛాతీ మీద బోర్లా వేసుకుని గొంతులోనే ఏదో సన్నగా కూనిరాగం తీస్తే, ఆ అదురుకు కళ్ళు మూశాడు. మేమిద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం. తెర మీద లేవాల్సిన అలలు లేవలేదు. శబ్దం పెంచారు. అప్పుడూ లేవలేదు.

పరీక్ష చేసినావిడ నెమ్మదిగా తమిళంలో చెప్పింది. చెవి శబ్దాన్ని పట్టుకుంటోంది, అందుకే మొదటి పరీక్షలో పాసయ్యాడు. కానీ చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం దగ్గర అంతా చెదిరిపోతోంది. కామెర్లు ముదిరిన పిల్లల్లో ఇలా జరుగుతుంది. చెవికి మెషీను పెట్టి చూడొచ్చు, అది సరిపోకపోతే ఆపరేషనూ ఉంది, అయితే ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. తర్వాత పాత చీటీ తిరగేసి అడిగింది, "నెలకే రమ్మని రాశారు కదా, ఎందుకు తీసుకురాలేదు?"

మా అమ్మాయి తల వంచుకుంది. "నా తప్పే మేడమ్, అశ్రద్ధ చేశాను" అంది.

ఆ మాట నన్ను నిలువునా కోసేసింది. "దాన్ని అనొద్దమ్మా. అడిగింది, నేనే వద్దన్నాను. పసికందుల వార్డులో నర్సును నేను" అన్నాను.

మా అమ్మాయి లేచి, నిద్రపోతున్న బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టింది.

"వీణ్ణి పట్టుకోండి పెద్దమ్మా," అంది, నా వైపు చూడకుండా. "ఇంక అడిగేదంతా నేనే అడుగుతా."

కుర్చీని పరీక్ష చేసినావిడ బల్ల దగ్గరకు లాక్కుని కూర్చుంది. బిడ్డను పట్టుకుని నేను వెనక కూర్చున్నాను.